పైపులో వేడికి చోటు

కామారెడ్డిలో మా మరిది మనవడు ఇల్లు కట్టిస్తున్నాడంటే చూడడానికి పోయాను. పని పూర్తికాని ఇల్లు చూడడం నాకు సరదా. సున్నం, రంగు పడ్డాక ఏ ఇల్లైనా పెళ్ళిచూపుల పిల్లలా కుదురుగానే కనిపిస్తుంది. దాని అసలు గుణం తెలియాలంటే ఇటుకలు, చువ్వలు, గోడల్లో పైపుల కోసం కొట్టిన గాడులు కంటికి ఆనుతుండగానే చూడాలి. పై గదిలో ముప్పై ఏళ్ళ కరెంటు పనివాడొకడు తెల్లని ప్లాస్టిక్ పైపులోకి రంగురంగుల వైర్లను కట్టగట్టి దూరుస్తున్నాడు. అవతలి కొసన ఇంకొకడు గుంజుతున్నాడు. వైర్లు బిగుసుకుపోయి కదలడం లేదు. ఆ గదికి ఏసీ, పక్కన స్నానాల గదికి గీజరు, కింద వంటింటికి గ్రైండరు, అన్నీ ఆ ఒక్క పైపులోంచే పోవాలట. నేను ఊరుకోవలసింది. ఊరుకోలేక, ఈ పైపులో ఎన్ని వైర్లు పోతాయి బిడ్డా అని అడిగాను. అతను తల ఎత్తకుండానే, "ఎన్ని పడితే గన్ని, అవ్వ" అన్నాడు.

మనవడికి ఇబ్బందిగా అనిపించినట్టుంది, కొత్త కిటికీ చూపిస్తానని నా చెయ్యి పట్టుకుని పక్క గదిలోకి తీసుకుపోయాడు. ఆ కిటికీ ఎట్లా ఉందో ఇప్పుడు అడిగితే చెప్పలేను. "ఎన్ని పడితే గన్ని" అన్న మాటే చెవిలో ఉండిపోయింది. ఆ మాట నేను మొదటిసారి విన్నది అదే కామారెడ్డిలో, మా మామ నోట, కొత్త కోడలిగా తలుపు చాటున నిలబడి. ఆ మాట మీద మా ఇంట్లో తండ్రీకొడుకులు రెండు నెలలు ముఖాలు చూసుకోలేదు. ఆ మాట మూలానే నేను అత్తవారింట్లో మొదటిసారి నోరు తెరిచాను. ఆ సంగతులన్నీ వరుసగా గుర్తున్నాయని చెప్పను గానీ, ముఖ్యమైనవేవీ పోలేదు.

మా పుట్టిల్లు ఎల్లారెడ్డి. వ్యవసాయం ఇల్లు. అత్తవారిది కామారెడ్డి, రైలు స్టేషనుకు నడిచిపోయేటంత దూరంలో బియ్యం గిర్ని. గిర్ని, ఇల్లు ఒకే ఆవరణలో ఉండేవి, మధ్యలో ఛాతీ ఎత్తు గోడ. ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఇంజను చప్పుడు కడుపులో వినిపించేది. పచ్చి తవుడు వాసన బట్టలకు, జడకు, చివరికి చారుకు కూడా పట్టేది. మొదటి నెలలో ఆ వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత ఎల్లారెడ్డికి పోయినప్పుడల్లా, ఇక్కడ గాలికి ఏ వాసనా లేదేమిటని వెతుక్కునేదాన్ని.

మా మామ పొడుగు మనిషి. వడ్లు ఎండాయో లేదో పంటితో చెప్పేవాడు. ధోవతి మడతలో ఎప్పుడూ గుప్పెడు వడ్లుండేవి. మాట్లాడుతూనే ఒక గింజ నోట్లో వేసుకుని టక్కుమని కొరికి, పొట్టు ఉమ్మి, ధర చెప్పేవాడు. ఆయన ఇంట్లోకి వచ్చే ముందు గడప అవతల నిలబడి దగ్గేవాడు. అది దగ్గు కాదు, రైలు కూత. ఆ కూత వినపడగానే కోడలు అన్న మనిషి పక్కకు తప్పుకోవాలి. నాతో ఏదైనా చెప్పాలంటే నేను తలుపు చాటున ఉన్నానని తెలిసి కూడా తన తల్లి ఎంకవ్వకు చెప్పేవాడు: "కోడలిని అడుగు, ఇంకింత పప్పు ఉన్నదేమో." ఎంకవ్వ తల ఇటు తిప్పి, "ఉన్నదా?" అనేది. నేను తల ఊపేదాన్ని. ఎంకవ్వ అటు తిరిగి, "ఉన్నదంట" అనేది. మూడడుగుల దూరంలో పప్పు సంగతి తేలడానికి అంత ప్రయాణం. పెళ్ళయిన ఏడాదిలో ఆయన నా గొంతు విన్నది లేదు.

మా ఆయన పేరు విఠల్. ఈ మూడు అక్షరాలు కాగితం మీద పెట్టడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆయన బతికున్నంత కాలం నోటితో అనలేదు, ఇప్పుడు అన్నా కోప్పడేవాళ్ళు లేరు. బొంబాయిలో ఒక బట్టల మిల్లులో కొన్నేళ్ళుండి కరెంటు పని నేర్చుకుని వచ్చాడు. వచ్చేటప్పుడు ఒక ట్రంకు పెట్టె, నల్ల అట్ట నోటు పుస్తకం, ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తాను లెక్కలు చెప్పుకునే అలవాటు తెచ్చుకున్నాడు. మా పెళ్ళి నాటికి నిజాంసాగర్ కాలువల కింద పండిన వడ్లు బండ్ల మీద వచ్చి గిర్ని ముందు వరుస కట్టేవి. ఇంజనుకు ఒక డైనమో తగిలిస్తే గిర్నికీ ఇంటికీ కరెంటు బుగ్గలు, అంటే బల్బులు, పెట్టుకోవచ్చని, ఊక ఎగజిమ్మే పంకాకు ఒక చిన్న మోటారు కూడా నడుపుకోవచ్చని ఆయన తండ్రిని ఒప్పించాడు. మామ ఒప్పుకున్నాడంటే మామూలుగా ఒప్పుకునే మనిషి కాదు. దసరా నాటికి తన ఇంటి ముందు బుగ్గలు వెలుగుతాయని బజారంతా చాటాడు, తహసీల్దారును భోజనానికి పిలిచాడు. ఆ తర్వాతే సామాను కోసం సికింద్రాబాదుకు మనిషిని పంపాడు.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇనుము దొరకదు, రబ్బరు దొరకదు. పోయిన మనిషి తిరిగి తిరిగి డైనమో, బుగ్గలు, కొన్ని చుట్టల వైరు తెచ్చాడు గానీ, వైర్లను లోపల పెట్టి తీసుకుపోయే ఇనుప పైపు మాత్రం ఒక్క వరుసకు సరిపడేంతే దొరికింది. గిర్నిలో పైపు లేకుండా వైరు వేయకూడదు. తవుడు ధూళి, ఎలుకలు, బస్తాల రాపిడి, ఏదో ఒకటి వైరు తొడుగును తినేస్తుంది. గిర్ని షెడ్డు బుగ్గలకు ఒక జోడి, ఇంజను గదికి ఒక జోడి, ఇంటికి ఒక జోడి, మోటారుకు ఒక జోడి. నాలుగు జోడీలు, ఎనిమిది వైర్లు, ఒక్క పైపు. తగాదా అంతా ఇక్కడే పుట్టింది.

ఆ తగాదా మొదలయ్యేసరికి నేను ఆషాఢానికి ఎల్లారెడ్డిలో ఉన్నాను. ఆయన దగ్గరి నుంచి ఉత్తరాలు వచ్చేవి. కొత్త పెళ్ళికూతురికి మొగుడి దగ్గరి నుంచి ఉత్తరం రావడమంటే మా వాడకట్టులో అది ఒక పూట పని. మా వదినకు, అంటే మా అన్న భార్యకు, చదువు రాదు. కానీ వినాలన్న కోరిక చదువొచ్చిన వాళ్ళకంటే నాలుగింతలు. బియ్యం చేటలు పట్టుకుని ఇంకో నలుగురు అమ్మలక్కలు చేరేవాళ్ళు. నేను ఉత్తరం విప్పేదాన్ని. అందులో ఏముండేదో ఇప్పుడు చెప్పుకున్నా సిగ్గే. క్షేమం అని ఒక మాట, తర్వాత రెండు పుటలూ వైరు. వైరును ఎట్లా ఎంచుకోవాలో రాసేవాడు. ముందు బుగ్గలూ మోటారూ కలిసి ఎంత కరెంటు గుంజుతాయో లెక్క కట్టాలి. అంత మోయగల లావు వైరు తీసుకోవాలి. వైరు ఒంటరిగా గాలిలో ఉంటే పది పాళ్ళు మోస్తుంది. అదే వైరును నాలుగు జోడీలతో కలిపి పైపులో పెడితే ఒకదాని వేడి ఒకదానికి తగిలి, ఆరున్నర పాళ్ళు మాత్రమే మోస్తుంది. ఆ పైపు ఇంజను పొగగొట్టం పక్క నుంచి, రేకుల కింద నుంచి పోతే ఆ ఆరున్నరలో మళ్ళీ కోత పడి, ఐదుకు కాస్త పైన మిగులుతుంది. "అంటే సగం వైరే మనది, మిగతా సగం వేడిది" అని రాసి, కింద గీత గీశాడు.

ఇది నేను వదినకు ఎట్లా చదివి వినిపించను? అందుకని కల్పించేదాన్ని. వైరు అన్న చోట మనసు అనేదాన్ని. పైపు అన్న చోట ఇల్లు అనేదాన్ని. ఒకసారి పొగగొట్టం వచ్చి చిక్కు పెట్టింది, దాన్ని నిట్టూర్పు చేసి గట్టెక్కాను. అమ్మలక్కలు చేటలు కింద పెట్టి వినేవాళ్ళు. అయితే వదిన తెలివైనది. నాలుగో ఉత్తరం తర్వాత, ఇంత ప్రేమ ఉన్నవాడు ముప్ఫై మైళ్ళు కూడా లేని ఊరికి ఒక్కసారి ఎందుకు రాలేదని నిలదీసింది. నిజం చెప్పలేక, గిర్నిలో పని అన్నాను. ఆశ్చర్యమేమిటంటే అదే నిజం.

కల్పించి చదవాలంటే అసలుది ముందు అర్థం కావాలి గదా. అందుకని ప్రతి ఉత్తరాన్నీ ఒకటికి నాలుగుసార్లు ఒంటరిగా చదువుకునేదాన్ని. అక్షరాలు అర్థమయ్యేవి, సంగతి మాత్రం సగమే. వైరు పైపులో దూరినప్పుడు ఇంకేం అడ్డం, అనిపించేది. అది పూర్తిగా అర్థమైంది శ్రావణంలో, నన్ను కామారెడ్డికి దిగబెట్టడానికి సవారీ బండి కట్టిననాడు. వెదురు గూడు, చుట్టూ తెరలు. మా ఇంటి ఆడవాళ్ళకు ఎంత దూరమైనా అదే. అందులో నలుగురు సుఖంగా పోవచ్చు. నేను, అమ్మ, వదిన, ఇద్దరు చిన్నమ్మలు, ఒక మేనత్త, సారె అరిసెలకు కాపలాగా మా పనిమనిషి, దారిలో దిగిపోతానని ఎక్కి చివరిదాకా దిగని పక్కింటి రాజవ్వ. లెక్కకు ఎనిమిది మందిమి. కూర్చోవడానికి పట్టామా అంటే పట్టాము, ఇంకో చంటిపిల్ల కూడా పట్టేది. లింగంపేట దాటేసరికి ఎవరి చెమట ఎవరిదో తెలియలేదు. వాన పడి ఆగిన ఉక్క, తెరలు తీస్తే మర్యాద కాదు. మేనత్త ఒంటరిగా ఉంటే ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఉసూరుమనని మనిషి, ఆ బండిలో సొమ్మసిల్లి వదిన ఒళ్ళో పడింది. బండి ఆపి, నలుగురిని దించి నడిపించి, తెరలెత్తితే గానీ ఆమెకు తెలివి రాలేదు. నేను నడిచిన నలుగురిలో ఉన్నాను. బురదలో నడుస్తూ నవ్వుకుంటుంటే, మేనత్త పడిపోతే నవ్వుతుందని అమ్మ తిట్టింది.

కామారెడ్డి చేరాక ఆయనకు చెప్పాను. అది మా ఇద్దరి మధ్య మొదటి అసలైన మాట అనుకుంటాను. అంతకు ముందు అన్నం తింటావా, తింటాను అనేవే. ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. మేనత్తకు ఎట్లా ఉందని అడగలేదు. "బండిల జాగ ఉండె, గాలికి జాగ లేకుండె, అంతే గద?" అన్నాడు. అంతే అన్నాను. నల్ల అట్ట పుస్తకం తెచ్చి అందులోని పట్టికలన్నీ నాకు చూపించాడు. పెళ్ళయి ఏడాదైనా ఆ ముఖం అంత వెలిగిపోవడం నేను చూడలేదు. వైర్ల వల్లనే అయినా సరే, నాకది సంతోషంగానే ఉండింది.

మర్నాడు పొద్దున ఆయన తండ్రితో చివరి మాట మాట్లాడడానికి పోయాడు. నేను తలుపు చాటున. మామ పైపు కొసలో చూపుడు వేలు పెట్టి చూపించాడు.

"ఎనిమిది పోయినంక కూడా ఏలు పడుతున్నదిరా. ఇంకేం కావాలె?"

"ఆ సందు వైరుకు కాదు బాపు, వేడికి."

"వేడికి సందేంది? వేడి ఏమన్న చుట్టమా, మంచమేసి కూసోబెడుతందుకు?"

"మోటారు జోడికి వేరే పైపు కావాలె. పొగగొట్టం కాడికెళ్ళి పైపు తీస్కపోవద్దు. లేకుంటే బుగ్గలు సగం తగ్గించాలె."

మామ ఒక వడ్ల గింజ కొరికాడు. బజారంతా చాటిన బుగ్గలను సగం చేయడం ఆయన వల్ల కాదు. "పైపుల ఎన్ని పడితే గన్ని ఎయ్యి" అని లేచిపోయాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఎంకవ్వకు పని పెరిగింది. అంతవరకు నాకూ మామకూ మధ్యనే తిరిగిన తల, ఇప్పుడు తండ్రికీ కొడుకుకీ మధ్య కూడా తిరగవలసి వచ్చింది. మెడ నొస్తుందని సాయంత్రం నా చేత నూనె రాయించుకునేది.

తండ్రి మాట కాదనలేక ఆయన ఎనిమిది వైర్లూ ఒకే పైపులో వేశాడు. దసరాకు ముందే ఎట్లాగైనా రెండో పైపు సంపాదించి మోటారు జోడిని విడదీయాలని మనసులో పెట్టుకున్నాడు. ఎనిమిది వైర్లను ఒక్కసారి పైపులోంచి గుంజడం తేలిక కాదు. ముందు ఒక ఉక్కు తీగ దూర్చి, దాని కొసకు వైర్లను కట్టి, రాపిడి లేకుండా ఏదైనా మెత్తని పొడి చల్లి గుంజాలి. బొంబాయిలో దానికి వేరే పొడి ఉంటుందట. మా పెళ్ళికి హైదరాబాదు నుంచి ఎవరో తెచ్చిన పౌడరు డబ్బా నా పెట్టెలో ఉండేది. పండుగలకు తప్ప మూత తీసేదాన్ని కాదు. ఆయన అడిగితే, కొంచెం తీసుకుంటాడేమో అనుకుని ఇచ్చాను. సాయంత్రానికి ఖాళీ డబ్బా తిరిగి వచ్చింది. వారం రోజుల పాటు మా గిర్నిలో తవుడు వాసన బదులు గులాబీ వాసన వేసింది. బస్తాలు మోసే హమాలీలు ముక్కులు ఎగబీల్చి ఒకరినొకరు అనుమానంగా చూసుకునేవాళ్ళు.

పైపు ఇంజను గదిలోంచి బయలుదేరి, పొగగొట్టం పక్క నుంచి, రేకుల కింద నుంచి వచ్చి, గిర్నికీ ఇంటికీ మధ్య గోడ తల మీదుగా మా ఇంట్లోకి దిగింది. మొదటిరోజు నాలుగు బుగ్గలే వెలిగించి చూశారు. ఎంకవ్వ బుగ్గ కింద నిలబడి చాలాసేపు చూసి, దీనికి నూనె ఎవరు పోస్తారని అడిగింది. ఎవరూ పోయనక్కర లేదంటే నమ్మలేదు. ఆమె రోజూ సాయంత్రం పొయ్యి బూడిదతో కందీలు లాంతరు గాజును తుడిచి, వత్తి కత్తిరించి, గ్యాస్ నూనె, అదే కిరసనాయిలు, పోసి వెలిగించేది. బుగ్గ వచ్చినా ఆ పని మానలేదు. వెలుగుతున్న బుగ్గ కిందనే కందీలు కూడా వెలిగించి పెట్టేది. కొత్తగా వచ్చినదాన్ని ఒంటరిగా నమ్మకూడదని ఆమె మతం. అది నన్ను ఉద్దేశించి అన్నదో బుగ్గను ఉద్దేశించి అన్నదో ఇప్పటికీ తెలియదు.

దసరాకు రెండు రోజుల ముందు, సికింద్రాబాదులో పైపు దొరికిందని కబురొచ్చి ఆయన రైలెక్కాడు. పోతూ పోతూ, మోటారునూ అన్ని బుగ్గలనూ కలిపి వేయొద్దని ఇంజను నడిపే ఖాసిం భాయికి చెప్పి పోయాడు. తహసీల్దారు దసరా నాడు రావలసినవాడు, ఏదో పని మారి ఒకరోజు ముందే వస్తున్నానని మనిషిని పంపాడు. మామకు చెమటలు పట్టాయి. గిర్ని నడుస్తుండగా, పంకా తిరుగుతుండగా, బుగ్గలన్నీ వెలుగుతుండగా ఆయనకు చూపించాలి. మధ్యాహ్నం అన్నీ కలిపి వేసి చూస్తే పెట్టెలోని ఫ్యూజు టప్పుమని పోయింది. ఖాసిం భాయి కొత్తది వేస్తే అదీ పోయింది. ఫ్యూజులో ఉండేది సన్నని తీగ. వైరు మోయగలిగిన దానికంటే ఎక్కువ కరెంటు పోతే ముందు తాను కాలి మిగతావాటిని కాపాడుతుంది. మా ఆయన దాన్ని ఆ సగం వైరు లెక్కకే సరిగ్గా కొలిచి పెట్టాడు. మామకు అందులో కనిపించింది మాత్రం ఒక బలహీనమైన తీగ. దారం తెగుతున్నకాడ తాడు కట్టాలన్నది ఆయన లెక్క. లావు రాగి తీగ మెలేసి పెట్టమన్నాడు. ఖాసిం భాయి, చిన్న యజమాని వద్దన్నాడని నసిగాడు గానీ పెద్ద యజమాని ఎదురుగా ఉన్నాడు. ఈసారి టప్పుమనలేదు. అన్ని బుగ్గలూ వెలిగాయి, పంకా తిరిగింది.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి. ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. రోజంతా ముసురు. తహసీల్దారు, ఇంకో పదిమంది పెద్దమనుషులు గిర్ని ముందు వేసిన కుర్చీల్లో ఉన్నారు. దీపాలు పెట్టే వేళ. పెరుగు గిన్నెకు మూత పెట్టబోతూ, పొయ్యి దగ్గర పిల్లి లేదే అని గమనించాను. మా ఇంటి పిల్లి ముసురు రోజున పొయ్యి వదిలి కదిలే జాతి కాదు. బయటికి చూస్తే మధ్య గోడ మీద ఉంది. తడిసిన గోడ మీద, తుంపరలో, ఆ ఇనుప పైపుకు వీపు ఆనించి, నిండుగా సాగి, కళ్ళు మూసుకుని పడుకుంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే పోయి పైపు మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. రెండడుగులు గిర్ని వైపు జరిగి వేశాను. చెయ్యి నిలవలేదు. అప్పుడు వాసన తెలిసింది. గులాబీ కాదు, తవుడు కాదు, చెప్పు కాలిన వాసన.

ఆ పైపు గిర్నిలో ఒకదాని మీద ఒకటి పేర్చిన బస్తాల అట్టి మీదుగా పోతుంది. బస్తాల వెనుక ఇద్దరు ఆడకూలీలు తవుడు ఎత్తుతున్నారు. ఎంకవ్వకు చెబుదామని లోపలికి పోయాను. ఆమె కందీలు గాజు తుడుస్తూ, చెబుతాలే ఉండమంది. ఆమె ఆ గాజు తుడిచి, వత్తి కత్తిరించి, మోకాళ్ళు పట్టుకుని లేచి, కొడుకు దగ్గరికి పోయి, తల ఇటు తిప్పి అటు తిప్పి చెప్పేసరికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. కొంగు తల మీదికి లాక్కుని గోడ పక్క దారిలోంచి గిర్నిలోకి పోయాను. అంతమంది మగవాళ్ళు. ఎవరి ముఖమూ చూడలేదు. ఇంజను గది గోడకు మెయిన్ స్విచ్, ఆరడుగుల మా మామకు అందే ఎత్తులో ఉంది. ఒక తవుడు బస్తా మీదికి ఎక్కి, రెండు చేతులతో పట్టుకుని కిందికి గుంజాను.

బుగ్గలన్నీ ఒక్కసారిగా పోయాయి. పంకా మూలిగి ఆగింది. తర్వాత చీకట్లో మా మామ గొంతు వినిపించింది.

"ఎవరది?"

"నేనే మామ."

"నేనంటే ఎవరు?"

ఆయన కోపంతో అడగలేదు. నిజంగా తెలియకే అడిగాడు. ఏడాది నుంచి తన ఇంట్లో అన్నం వడ్డిస్తున్న మనిషి గొంతు ఆయనకు తెలియదు. నాకు ఏడుపు రావలసింది, నవ్వు వచ్చింది. ఆపుకుని, "మీ కోడల్ని. పైపు కాలుతున్నది, జర చెయ్యి పెట్టి చూడుండ్రి" అన్నాను.

అంతలో ఎంకవ్వ కందీలు పట్టుకుని వచ్చింది. ఆ ఊళ్ళో ఆ క్షణాన ఆమె కందీలు అవసరం ఇంతా అంతా కాదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నడకలో కనిపిస్తూనే ఉంది. ఆ వెలుగులో ఖాసిం భాయి పొగగొట్టం పక్కనున్న పైపు మూత విప్పాడు. లోపల వైర్ల రబ్బరు బెల్లం పాకంలా కరిగి ఎనిమిదీ ఒకటే ముద్ద అయిపోయాయి. రెండు చోట్ల రాగి తేలింది. ఇంకాసేపు అట్లాగే ఉంటే ఒకదానికొకటి తగిలి నిప్పు రవ్వలు రాలేవి, కింద బస్తాలు, వాటి వెనుక ఆ ఇద్దరు ఆడవాళ్ళు. ఖాసిం భాయి మూత మళ్ళీ పెట్టి, అల్లా దయ అన్నాడు. మామ పైపు మీద చెయ్యి పెట్టాడు, వెంటనే తీశాడు. మళ్ళీ పెట్టాడు. తహసీల్దారు మాత్రం మంచి మనిషి. కందీలు వెలుగులో భోంచేసి, కరెంటు కన్నా ఇదే కంటికి చల్లగా ఉందని చెప్పి పోయాడు. ఎంకవ్వ ఆ మాటను తాను బతికున్నంత కాలం చెప్పుకుంది.

దసరా మాకు చీకట్లోనే గడిచింది. బజారులో నవ్వినవాళ్ళు నవ్వారు. మామ బజారు వైపు పోలేదు. మా ఆయన పైపు కట్ట భుజాన పెట్టుకుని రైలు దిగి వచ్చేసరికి తండ్రి వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఏమవుతుందోనని నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. మామ ఎంకవ్వ కోసం చుట్టూ చూడలేదు. నేరుగా కొడుకుతో, "నీ లెక్కనే ఎయ్యిరా. బుగ్గలు ఎన్ని అయితే గన్నే" అన్నాడు. ఇన్ని మాటలు తనకేనా అన్నట్టు మా ఆయన వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

చెడిన వైర్లన్నీ తీసేశారు. మిగిలిన చుట్టల్లోంచి లావు వైరు మోటారుకు, దానికి వేరే పైపు. రెండు పైపులూ పొగగొట్టానికి దూరంగా, గోడ అవతలి నుంచి తిప్పారు. చివరి బుగ్గ దాకా దూరం ఎక్కువైతే వెలుగు తగ్గుతుందని ఇంటి జోడికి కూడా ఒక సైజు పెంచారు. వైరు చాలక బుగ్గలు సగమయ్యాయి. వైర్లు గుంజేరోజు ఆయన నా వైపు చూసి, డబ్బాలో ఏమైనా మిగిలిందా అన్నాడు. లేదన్నాను. పిండితో గుంజాడు. నెల తర్వాత హైదరాబాదు పోయివచ్చిన మామ ఎంకవ్వ చేతికి రెండు పౌడరు డబ్బాలిచ్చి, ఒకటి వైర్లకు, ఒకటి కోడలికి అని చెప్పమన్నాడు. ఎవరివి వారికి చేరాయి. రెండింటిలో పెద్దది వైర్లకు ఇచ్చాడని నేను గమనించకపోలేదు.

అప్పటికీ ఇప్పటికీ పోల్చి చూసుకుంటే నాకు ఒక్కోసారి తిక్కగా అనిపిస్తుంది. అప్పుడు పైపు దొరకదు, వైరు దొరకదు, ఆ లెక్క తెలిసిన మనిషి ఊరికొకడు కూడా లేడు. ఇప్పుడు బజారు నిండా పైపులు. పట్టికలు అందరి జేబుల్లో ఉన్నాయట. కరెంటు ఎక్కువైతే వాటంతట అవే పడిపోయే స్విచ్చులొచ్చాయి, అవి పదేపదే పడిపోతే పెద్దవి వేయించుకునే మనుషులూ ఉన్నారు. మా మామ దారం బదులు తాడు కట్టాడు, వీళ్ళూ అదే కడుతున్నారు, కాకపోతే కొని కడుతున్నారు. ఒక్కటి మాత్రం మారింది. మా మరిది మనవడి భార్య తన మామతో ఎదురుగా కూర్చుని, మీకు తెలియదు ఊరుకోండి అంటుంది. ఆయన ఊరుకుంటాడు. నేను ఒక మాట అనడానికి ఒక గిర్ని కాలబోవలసి వచ్చింది. ఆ రోజులు మళ్ళీ రావాలని నాకేమీ లేదు. కానీ ఒక మాటకు అంత బరువుండిన రోజుల్లో అన్న ఆ ఒక్క మాటను నేను ఇప్పటికీ ఇష్టంగానే తలుచుకుంటాను.

పౌడరు డబ్బాలు వచ్చిన వారంలోనే ఒకనాటి పొద్దున ఇంజను గదిలో సుత్తి చప్పుడు వినిపించింది. వడ్లంగి వచ్చి మెయిన్ స్విచ్ ఉన్న చెక్కను గోడ నుంచి ఊడదీసి, ఒక మూర కిందికి దించి బిగిస్తున్నాడు. మామ పక్కన నిలబడి, ఇంకింత కిందికి, ఇంకింత, అని చేత్తో చూపిస్తున్నాడు. పొడుగు మనిషి, ఆ తర్వాత బతికున్నంత కాలం రోజూ రెండు పూటలా నడుము వంచి ఆ స్విచ్ వేసుకున్నాడు. వడ్ల బేరానికి వచ్చినవాళ్ళు, ఇంత కిందికి ఎందుకు పెట్టించారు పటేలా అని అడిగేవాళ్ళు. ఆయన నోట్లో గింజ వేసుకుని టక్కుమని కొరికి, "మా కోడలికి అందాలె గద" అని చెప్పి, ధర మాట్లాడేవాడు.